సివిల్ రైట్స్ లీడర్ పేరు మీద అమెరికాలో పోస్టల్ స్టాంపు రావాలంటే ఏం చెయ్యాలి: మొదటి నుంచి చివరి దాకా

మార్టిన్ లూథర్ కింగ్ బొమ్మతో ఇండియా 1969 జనవరిలోనే 20 పైసల స్టాంపు వేసేసింది, అంటే ఆయన పోయి ఏడాది కూడా తిరక్కముందే. ఆయన సొంత దేశానికి మాత్రం అదే పని చెయ్యడానికి 1979 జనవరి 13 దాకా పట్టింది. ఈ మాట చెప్పగానే అందరూ వివక్ష అనేస్తారు, అక్కడ వివక్ష లేదని నేను అనట్లేదు గానీ, అప్పట్లో ప్రెసిడెంట్ కాని మనిషికి ఎవరికైనా సరే చనిపోయిన పదేళ్ళ తర్వాతే స్టాంపు అని ఒక రూల్ కూడా ఉంది. 1968 ఏప్రిల్‌లో పోయారు కాబట్టి 1978 ఏప్రిల్ దాకా దారి లేదు, ఆ తర్వాత వచ్చిన మొదటి పుట్టినరోజుకి, అదీ 50వ పుట్టినరోజుకి, రెండ్రోజుల ముందు 15 సెంట్ల స్టాంపు వచ్చేసింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అమెరికాలో మన ఇండియన్ సంఘాల మీటింగుల్లో ఎవరిదైనా స్టాంపు వేయించాలి అన్న మాట రాగానే ముందు సంతకాల సేకరణ, తర్వాత కాంగ్రెస్‌మన్‌తో ఫొటో, ఆ తర్వాత ఫేస్‌బుక్ పేజీ, ఇలా వెళ్తుంది కథ, ఉత్తరం ఎవరు రాస్తారు, ఏ సంవత్సరానికి అడుగుతున్నాం అనేవి ఆఖర్న ఎవరికో గుర్తొస్తాయి. నిజానికి పని మొత్తం ఆ రెండిట్లోనే ఉంది, క్యాలెండరూ ఉత్తరమూ. మిగతావన్నీ వాటి తర్వాతే.

1. ముందు ఆ మనిషి రూల్స్‌లోకి వస్తారో లేదో చూసుకోండి

అమెరికా పోస్టల్ సర్వీసుకి స్టాంపు సబ్జెక్టులు సూచించేది సిటిజన్స్ స్టాంప్ అడ్వైజరీ కమిటీ అనే గ్రూపు, 1957 నుంచి ఉంది. చరిత్ర, ఆర్ట్, చదువు, స్పోర్ట్స్ ఇలా రకరకాల రంగాల వాళ్ళని పోస్ట్‌మాస్టర్ జనరల్ వేస్తారు, వాళ్ళు రికమెండ్ చేస్తారు, ఫైనల్ మాట పోస్ట్‌మాస్టర్ జనరల్‌దే. ఏటా 30,000 దాకా సూచనలు వస్తాయని వాళ్ళే చెప్తారు, అందులోంచి తీసుకునేవి పాతిక, ముప్ఫై సబ్జెక్టులు. అంటే పోటీ మామూలుది కాదు, కాబట్టి రూల్‌కి తగలని మనిషి పేరు పంపించి నెలల తరబడి ఎదురు చూడటం దండగ.

బతికున్నవాళ్ళకి లేదు. చనిపోయి కనీసం మూడేళ్ళు అయ్యుండాలి, పాత పదేళ్ళ రూల్ 2007లో అయిదుకి దిగింది, తర్వాత మూడు దగ్గర ఆగింది. ప్రెసిడెంట్లకి మాత్రం మినహాయింపు ఉంది, చనిపోయాక వచ్చే మొదటి పుట్టినరోజుకే వేసేస్తారు. మూడేళ్ళు అంటే నిజంగా మూడేళ్ళే, సివిల్ రైట్స్ ఉద్యమం నుంచి కాంగ్రెస్ దాకా వెళ్ళిన జాన్ లూయిస్‌ని చూడండి, 2020 జులై 17న పోయారు, స్టాంపు 2023 జులై 21న వచ్చింది, గడువు దాటి నాలుగు రోజులు. అందరికీ ఇంత స్పీడుగా అవుతుందని ఆశపడొద్దు, బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదలనన్న రోసా పార్క్స్ 2005 అక్టోబర్‌లో పోతే స్టాంపు 2013 ఫిబ్రవరి 4న, ఆవిడ వందో పుట్టినరోజు నాడు వచ్చింది.

అమెరికన్ లేదా అమెరికాకి సంబంధించిన మనిషి అయ్యుండాలి, ఇది ప్రధానంగా చూస్తారు. 1961 జనవరి 26న గాంధీ గారికి నాలుగు సెంట్లదీ ఎనిమిది సెంట్లదీ వేశారు కదా అంటారు, అవును వేశారు, అది ఛాంపియన్ ఆఫ్ లిబర్టీ అని వేరే సిరీస్, కోల్డ్ వార్ రోజులు, దాన్ని చూపించి ఇవాళ అడిగితే పని జరగదు.

ఆ మనిషి పేరు దేశమంతా పనికొచ్చేదై ఉండాలి. ఒక ఊళ్ళో స్కూల్లో సెగ్రెగేషన్ మీద, అంటే నల్ల పిల్లల్ని విడిగా పెట్టడం మీద, కొట్లాడిన టీచరు గొప్ప మనిషే, కానీ ఆ కొట్లాట దేశం మీద ఏం ప్రభావం చూపించిందో మీరు చూపించలేకపోతే కష్టం.

ఇంకోటి, చాలామంది తట్టుకుని పడేది ఇక్కడే: మతపరమైన పనే ప్రధానమైన మనిషికి స్టాంపు ఇవ్వరు. సివిల్ రైట్స్ లీడర్లలో సగం మంది పాస్టర్లే కదా మరి అంటే, కింగ్ గారిని పాస్టర్‌గా కాదు, హక్కుల నాయకుడిగా చూపించారు. 2010లో మదర్ థెరిసా స్టాంపు వచ్చినప్పుడు కొంతమంది గొడవ చేశారు, ఆవిడ సేవా కార్యక్రమాల కోసం వేశాం, మతం కోసం కాదు అని పోస్టల్ సర్వీసు వాళ్ళు చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి మీ మనిషి పాస్టరో, గురుద్వారా పెద్దో, స్వామీజీయో ఐతే ఉత్తరంలో ఆ సంగతి ఒక లైన్లో చెప్పి, మిగతాదంతా కోర్టు కేసు, ఓటు హక్కు, చట్టం, సమ్మె వీటి మీదే నడపండి.

సంస్థల పేరు మీద, ఊళ్ళ పేరు మీద, హాస్పిటళ్ళు, స్కూళ్ళ పేరు మీద అడగొద్దు, వాటికి లెక్కే ఉండదని తీసుకోరు. నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ వందేళ్ళ సంవత్సరం 2009లో ఏం చేశారో చూడండి, ఆరు స్టాంపుల మీద ఇద్దరిద్దరు చొప్పున 12 మంది సివిల్ రైట్స్ పయనీర్లని వేశారు, మెడ్గర్ ఎవర్స్ పక్కన ఫ్యానీ లూ హేమర్, ఎల్లా బేకర్ పక్కన రూబీ హర్లీ, ఇలా. మీకు సంస్థ మీద అభిమానం ఉంటే అందులోని మనుషుల్ని పట్టుకోండి.

2. ఆల్రెడీ వచ్చేసిందా?

ఇది అయిదు నిమిషాల పని. ఒకే సబ్జెక్టు మీద 50 ఏళ్ళలోపు మళ్ళీ వెయ్యరని రూల్. కానీ దీంట్లో ఒక సందు ఉంది. బానిసత్వం నుంచి తప్పించుకుని ఇంకెంతోమందిని తప్పించిన హారియట్ టబ్‌మన్ 1978లో నల్లజాతి ప్రముఖుల కోసం పెట్టిన బ్లాక్ హెరిటేజ్ సిరీస్‌లో మొట్టమొదటి స్టాంపుగా వచ్చింది, 1995లో సివిల్ వార్ షీట్‌లో మళ్ళీ వచ్చింది, 2024లో బానిసలు పారిపోయిన రహస్య దారుల మీద వేసిన అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ సెట్‌లో ఇంకోసారి. మనిషి అదే, సబ్జెక్టు వేరు. కాబట్టి మీ మనిషి ఇదివరకే వచ్చి ఉంటే ఆశ వదిలేసుకోకుండా, ఆ ఉద్యమం పేరుతో ఒక సెట్ అడగొచ్చేమో ఆలోచించండి.

3. సంవత్సరం ఫిక్స్ చేసుకుని వెనక్కి లెక్కెయ్యండి

ముహూర్తం పెట్టుకుని పెళ్ళి పనులు వెనక్కి లెక్కేసుకున్నట్టే ఇదీ. మీరు కోరుకునే సంవత్సరానికి కనీసం మూడేళ్ళ ముందు సూచన కమిటీకి చేరాలి. ఇది మినిమమ్, నన్నడిగితే నాలుగేళ్ళు పెట్టుకోండి.

ఉదాహరణకి దలీప్ సింగ్ సౌంద్ పేరు తీసుకుందాం, ఈ గైడ్ చివరి దాకా ఆయన్నే పట్టుకుని వెళ్తాను ఎందుకంటే అమెరికాలో ఉన్న మన ఇండియన్స్ అందరికీ ఆయన కథ తెలిసుండాలి, తెలియదు. 1899లో పంజాబ్‌లో పుట్టారు, 1920లో బర్కిలీ వచ్చి 1924కల్లా మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ చేశారు. అంత చదివినా ఇండియన్‌కి సిటిజన్‌షిప్ లేదు, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు ఆ తలుపు మూసేసింది. ఇంపీరియల్ వ్యాలీలో వ్యవసాయం చేసుకుంటూ ఆ చట్టం మార్పించడానికి ఏళ్ళ తరబడి తిరిగారు, 1946లో ఆ తలుపు మళ్ళీ తెరిచిన లూస్ సెల్లర్ చట్టం వచ్చింది, 1949లో సిటిజన్ అయ్యారు, 1956లో కాంగ్రెస్‌కి గెలిచారు, ఆసియా నుంచి వచ్చినవాళ్ళలో మొదటాయన. సిటిజన్ అయిన ఏడేళ్ళకి కాంగ్రెస్‌మన్! 1973లో పోయారు.

ఇప్పుడు తేదీలు వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. పుట్టినది 1899 సెప్టెంబర్, 150 ఏళ్ళు అంటే 2049, మనం ఉంటామో లేదో. లూస్ సెల్లర్ చట్టానికి వందేళ్ళు 2046లో. ప్రమాణ స్వీకారం 1957 జనవరి, దానికి 75 ఏళ్ళు 2032లో. ఇదీ పట్టుకోవాల్సింది. 2032 అంటే ఉత్తరం 2028లో వెళ్ళిపోవాలి. యానివర్సరీ 50కి గుణిజంగా ఉండాలి అన్నది చారిత్రక సంఘటనలకి పెట్టిన రూలు, మనుషులకి అలా లేదు, అందుకని 75 పర్వాలేదు. అసలు యానివర్సరీ ఏదీ దొరక్కపోయినా ఆగిపోనక్కర్లేదు, ఏషియన్ అమెరికన్ హెరిటేజ్ నెల మే, బ్లాక్ హెరిటేజ్ సిరీస్ సాధారణంగా ఫిబ్రవరి చుట్టుపక్కల, అలాంటి నెలకి ముడిపెట్టొచ్చు.

4. ఉత్తరం

ఇక్కడ టైమ్ పెట్టండి, మిగతా స్టెప్పులన్నిటికీ కలిపి పెట్టేదాని కంటే ఎక్కువ.

ఇంగ్లీషులో రాయాలి, అది చెప్పక్కర్లేదు. ఒకటిన్నర పేజీ చాలు, రెండు దాటితే ఎవరూ చదవరు. మనవాళ్ళు రాసే డ్రాఫ్టులు తొంభై శాతం ఇలా మొదలవుతాయి: ఆయన మన జాతికే గర్వకారణం, మహా మానవతావాది, తరతరాలకి స్ఫూర్తి, ఆయనకి స్టాంపు వెయ్యడం మన అందరి కర్తవ్యం. దీంట్లో ఆ మనిషి ఎక్కడున్నాడు? పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా అతుక్కుపోతుంది. సంతాప సభలో మైకు ముందు బాగుంటుందేమో గానీ, 30,000 కాగితాలు చూసే కమిటీకి పనికిరాదు.

అదే ఇలా మొదలుపెట్టి చూడండి: 1950లో కాలిఫోర్నియాలో వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్ళో జనం ఒక రైతుని జడ్జిగా ఎన్నుకున్నారు, ఆయన సిటిజన్ అయ్యి ఏడాది కాలేదని ఆ పదవి ఇవ్వలేదు, 1952లో మళ్ళీ నిలబడితే మళ్ళీ ఆయన్నే గెలిపించారు, ఇంకో నాలుగేళ్ళకి ఆయన్ని కాంగ్రెస్‌కి పంపించారు. ఇంతే, పొగడ్త ఒక్కటీ లేదు, కానీ చదివినవాడు ఎవరీయన అని రెండో పేరా కూడా చదువుతాడు.

మొదటి పేరాలో మనిషి, రెండో దాంట్లో ఆయన చేసిన పని దేశానికి ఏం మార్చింది. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి, ఇండియన్స్‌కి మేలు జరిగింది అని మాత్రమే రాస్తే అది ఒక కమ్యూనిటీ కథ అయిపోతుంది, అదే పుట్టిన దేశాన్ని బట్టి సిటిజన్‌షిప్ ఆపే చట్టాల్లో ఒకటి కూలిందీ, ఆ కూల్చిన మనిషే తర్వాత చట్టాలు చేసే సభలో కూర్చున్నాడూ అని రాస్తే అమెరికా కథ అవుతుంది. మూడో పేరాలో ఏ సంవత్సరం అడుగుతున్నారు, ఎందుకు ఆ సంవత్సరం. చివర్లో తేదీల లిస్టు, పుట్టుక, మరణం, ముఖ్యమైన చట్టాలు, పదవులు. చారిత్రక సమాచారం, ముఖ్యమైన తేదీలు ఇవ్వమని వాళ్ళే అడుగుతారు కాబట్టి అవి కచ్చితంగా ఉండాలి, ప్రతి తేదీని ఒక నమ్మకమైన చోట చెక్ చేసుకోండి, వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ చూసి ఎక్కించకండి దయచేసి.

బొమ్మ గియ్యకండి. ఎవరో ఒకరు మా అబ్బాయి గ్రాఫిక్ డిజైనర్ అండీ, స్టాంపు డిజైన్ చేసిచ్చేస్తాడు అంటారు. అడగని ఆర్ట్‌వర్క్‌ని పోస్టల్ సర్వీసు తీసుకోదు, డిజైన్ అనేది పూర్తిగా వాళ్ళ ఆర్ట్ డైరెక్టర్ల పని. ఆ అబ్బాయికి వేరే పని అప్పజెప్పండి.

సంతకాల మాట. కమిటీ పెట్టిన రూల్స్‌లో సంతకాల లెక్క ఎక్కడా లేదు. పది వేల సంతకాలు ఉన్నంత మాత్రాన మంచి సబ్జెక్టు కాని సబ్జెక్టు మంచిదైపోదు. కానీ అస్సలు వద్దని కూడా అనను, ఎందుకో ఆరో స్టెప్పులో చెప్తాను.

5. పంపడం

ఈమెయిల్ కాదు, ఆన్‌లైన్ ఫారం కాదు, పోస్టులోనే పంపాలి, పోస్టల్ డిపార్ట్‌మెంట్ కదా మరి. కవర్ మీద స్టాంప్ డెవలప్‌మెంట్, సిటిజన్స్ స్టాంప్ అడ్వైజరీ కమిటీ, 475 లాన్‌ఫాంట్ ప్లాజా ఎస్‌డబ్ల్యూ, రూమ్ 3300, వాషింగ్టన్ డీసీ 20260-3501 అని ఇంగ్లీషులో రాయండి, పంపే ముందు వాళ్ళ సైట్‌లో అడ్రస్ ఒకసారి సరిచూసుకుంటే మంచిది. ఫీజు ఏమీ లేదు. ఎవరైనా పంపొచ్చు, సంస్థ పేరే ఉండాలని లేదు. ఒక కాపీ మీ దగ్గర దాచుకోండి, సంఘంలో కమిటీలు మారిపోతుంటాయి, నాలుగేళ్ళ తర్వాత కొత్త ప్రెసిడెంట్ వచ్చి అసలు మనం ఏం అడిగాం అంటే చూపించడానికి ఉండాలి.

6. ఎదురుచూపు, ఈలోపు చెయ్యగలిగినవి

ఇక్కడ ఓపిక కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున కొట్లాడిన జపనీస్ అమెరికన్ సైనికులకి స్టాంపు కావాలని ముగ్గురు జపనీస్ అమెరికన్ ఆడవాళ్ళు 2005లో మొదలుపెట్టారు, వాళ్ళు స్వయంగా ఆ యుద్ధం నాటి తరం వాళ్ళు. ఆ సైనికుల్లో చాలామంది కుటుంబాలు అప్పుడు అమెరికాలోనే ముళ్ళకంచె క్యాంపుల్లో ఉన్నాయి. గో ఫర్ బ్రోక్ అనే ఆ స్టాంపు 2021 జూన్‌లో వచ్చింది. పదహారేళ్ళు! మన దీపావళి స్టాంపు కూడా అంతే, న్యూయార్క్ వైపు ఇండియన్స్ ఏళ్ళ తరబడి తిరిగితే, కాంగ్రెస్ సభ్యురాలు క్యారొలిన్ మలోనీ వెంటపడితే, 2016 అక్టోబర్‌లో వచ్చింది.

ఈ రెండు చోట్లా సంతకాలు, రాజకీయ నాయకుల ఉత్తరాలు బాగానే నడిచాయి. అందుకే వద్దు అనను. కానీ నా లెక్కలో వాటి పని ఓట్లలా పడిపోవడం కాదు, ఆ పేరు జనం నోళ్ళలో నలగడం, పేపర్లో రావడం, దేశమంతటికీ సంబంధించిన సబ్జెక్టే అని కనపడటం. అందుకని సంతకాలు పెట్టించేటప్పుడు మన గుడిలో, మన సంఘంలో మాత్రమే పెట్టించకుండా వేరే కమ్యూనిటీల వాళ్ళ దగ్గర, లైబ్రరీల్లో, యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో కూడా తిరగండి. సౌంద్ గారి విషయంలో ఐతే ఇంపీరియల్ వ్యాలీ రైతుల నుంచి వచ్చే ఒక ఉత్తరం మన సంఘాలు పదింటి ఉత్తరాల కంటే బరువు. కాంగ్రెస్‌లో తీర్మానం పెట్టించేస్తే స్టాంపు వచ్చేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అది మద్దతు మాత్రమే.

7. ఓకే అయితే

మీకు ఫోన్ చేసి డిజైన్ ఎలా ఉండాలి అని అడగరు. ఆర్ట్ డైరెక్టర్ ఒక ఆర్టిస్టునో ఫొటోనో ఎంచుకుంటారు. జాన్ లూయిస్ స్టాంపుకి టైమ్ మ్యాగజీన్ కోసం 2013లో తీసిన ఫొటో వాడారు, ముసలి మొహం, సూటిగా మనవైపే చూస్తున్న కళ్ళు. ఆ షీట్ చుట్టూ ఉండే అంచు మీద మాత్రం 1963లో మిస్సిసిప్పిలో అహింసా వర్క్‌షాపు బయట తీసిన ఫొటో, కుర్రాడు. స్టాంపు చింపేసుకుని అంచు పారేసేవాళ్ళకి ఆ రెండో మొహం కనిపించదు, కాబట్టి కనీసం ఒక షీటు చింపకుండా పూర్తిగా దాచుకోండి.

మీరు చెయ్యగలిగే సాయం ఒకటుంది, కుటుంబం వాళ్ళు ఎక్కడున్నారో, మంచి ఫొటోలు ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో ముందే కనుక్కుని ఉంచుకోవడం.

8. మొదటి రోజు

రిలీజ్ ఫంక్షన్ సాధారణంగా ఆ మనిషికి సంబంధం ఉన్న చోటే పెడతారు. రోసా పార్క్స్‌ది డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో జరిగింది, ఆవిడ సీటు వదలనని కూర్చున్న బస్సు అక్కడే ఉంది. లూయిస్‌ది అట్లాంటాలో మోర్‌హౌస్ కాలేజీలో. ఈ ఫంక్షన్లకి మామూలుగా ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్ ఉండదు.

వెళ్ళలేనివాళ్ళు ఫస్ట్ డే పోస్ట్‌మార్క్ పోస్టులో తెప్పించుకోవచ్చు: స్టాంపు మీ ఊరి పోస్టాఫీసులో కొని, మీ అడ్రస్ రాసిన కవర్ మీద అంటించి, ఆ కవర్ని ఇంకో పెద్ద కవర్లో పెట్టి, ఆ స్టాంపు ప్రకటనలో ఇచ్చిన అడ్రస్‌కి పంపాలి, మామూలుగా 120 రోజులు టైమ్ ఇస్తారు.

స్టాంపు రాకపోతే, లేదా వచ్చేలోపు

పోస్టాఫీసుకి ఆ మనిషి పేరు పెట్టించడం ఒక దారి, దీనికి మాత్రం నిజంగానే కాంగ్రెస్ చట్టం కావాలి, అంటే ఇక్కడ మీ కాంగ్రెస్‌మన్ పనికొస్తాడు. కాలిఫోర్నియాలో టెమెక్యులా పోస్టాఫీసుకి 2005లో సౌంద్ గారి పేరు ఇలాగే పెట్టారు. ఇంకో దారి స్పెషల్ పిక్టోరియల్ పోస్ట్‌మార్క్, మీరు అందరికీ ఓపెన్‌గా ఒక సభ పెడుతున్నట్టయితే లోకల్ పోస్ట్‌మాస్టర్‌ని అడిగితే ఆ రోజుకి ప్రత్యేకమైన ముద్ర ఏర్పాటు చేస్తారు, దీన్ని మాత్రం నెలల ముందే అడగాలి. సొంత ఫొటోతో స్టాంపు ప్రింట్ చేయించుకునే స్కీమ్ అమెరికాలో 2020లో ఎత్తేశారు, దాని గురించి పాత వీడియోలు చూసి తిరక్కండి.

ఇండియాలో ఐతే

అక్కడ డిపార్ట్‌మెంట్ ఆఫ్ పోస్ట్స్‌కి ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది, ప్రతిపాదన ఢిల్లీ డాక్ భవన్‌లోని ఫిలాటెలీ డివిజన్‌కి పంపాలి. బతికున్నవాళ్ళకి మామూలుగా లేదు, ఐనా వితంతు వివాహాల కోసం, ఆడవాళ్ళ చదువు కోసం జీవితం ధారపోసిన కర్వే గారు 1958లో, విశ్వేశ్వరయ్య గారు 1960లో వందో పుట్టినరోజుకి వాళ్ళ స్టాంపు వాళ్ళే చూసుకున్నారు. తేదీ చూసుకోవడం మాత్రం అక్కడా అంతే, జ్యోతిబా ఫూలే స్టాంపు 1977 నవంబర్ 28న, సావిత్రీబాయిది 1998 మార్చి 10న, రెండూ వాళ్ళ వర్ధంతి రోజులే. మనవాళ్ళలో కందుకూరి వీరేశలింగం గారికి 1974లో, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి 1982లో వచ్చాయి. మై స్టాంప్ అని సొంత ఫొటోతో వేయించుకునే స్కీమ్ అక్కడ ఉంది, పెద్ద ఫిలాటెలిక్ బ్యూరోల్లో అడిగితే ఫారం ఇస్తారు, ఊళ్ళో ఎవరైనా పాత ఉద్యమకారుడి శతజయంతి చేస్తుంటే ఆ షీట్లు కొన్ని వేయించి వచ్చినవాళ్ళకి పంచొచ్చు, దానికి ఏ కమిటీ దగ్గరా మూడేళ్ళు ఆగక్కర్లేదు.